అరుగు, నట్టిల్లు, బీరువా

పరిశోధన డేటాకీ లైబ్రరీకీ సంబంధం ఏమిటండీ అని మా డీన్ గారు అడిగినప్పుడు నాకు కోపం రాలేదు. తెలియనిది అడిగారు, చెప్పాను. అంతా విని, "అదంతా కంప్యూటర్ల వాళ్ళు చూసుకుంటారండీ, మీరు పుస్తకాలు చూసుకుంటే చాలండీ" అన్నప్పుడు వచ్చింది. నాకు కోపమొస్తే గొంతు పెరగదు, మర్యాద పెరుగుతుంది. మా ఇంట్లో వాళ్ళకి ఆ సంగతి బాగా తెలుసు. డీన్ గారికి ఆ రోజు తెలిసింది. "ఆయ్, అలాగేనండీ. పుస్తకాలతో పాటు ఇదీ చూసుకుంటానండీ" అని నమస్కారం పెట్టి వచ్చేశాను.

అమలాపురంలో మా విశ్వవిద్యాలయానికి ఒక కేంద్రం ఉంది. నేను అందులో లైబ్రేరియన్ని. గోదావరి అవతల ఉన్న పెద్ద క్యాంపస్ నుంచి ఆ ఏడాది ఒక ఉత్తర్వు వచ్చింది. ఏ కేంద్రంలో పరిశోధకులు పోగుచేసిన డేటాను ఆ కేంద్రం లైబ్రరీయే ఎలా దాచాలో, ఎవరికి చూపాలో, ఎవరికి చూపకూడదో ప్రణాళిక రాసి పంపాలి. తనిఖీ బృందం వచ్చేసరికి ఒక్కటంటే ఒక్క డేటాసెట్టయినా వెబ్‌సైట్‌లో కనబడాలి. ఉత్తర్వులో లైబ్రరీ అన్న మాట స్పష్టంగా ఉంది కాబట్టే నేను అంత ధీమాగా నమస్కారం పెట్టాను.

ప్రణాళిక రాయాలంటే ముందు ఎవరి దగ్గర ఏముందో తెలియాలి. మెయిల్ పెడితే ఎవరూ జవాబివ్వరని తెలిసి, నేనే గది గదికీ తిరిగాను. మా వాళ్ళ మర్యాద మామూలుది కాదు. కాఫీ తాగకుండా ప్రశ్న అడగనివ్వరు, కొబ్బరి నీళ్ళు తాగకుండా లేవనివ్వరు. అందరూ ఒకే మాట చెప్పారు, డేటా భద్రంగా ఉందని. ఎక్కడ అని అడిగితే అప్పుడు మొదలైంది భాగోతం. కొబ్బరి తెగుళ్ళ మీద పనిచేసే ప్రొఫెసర్ గారి ఫొటోలన్నీ ఆయన ఫోన్‌లో, మనవరాలి పుట్టినరోజు ఫొటోల మధ్య ఉన్నాయి. తాటిపాక చుట్టుపక్కల మట్టి పరీక్షల ఫలితాలు ఒక సీడీలో, ఆ సీడీ మేడం గారి ఇంట్లో పట్టుచీరల కింద. ఆ సీడీ పెట్టడానికి తగిన కంప్యూటరు మా కేంద్రం మొత్తంలో లేదు. రొయ్యల చెరువుల నీటి లెక్కలు చూసే ఆయనైతే, పోకుండా ఉంటాయని అన్నీ వాళ్ళావిడ వాట్సాప్‌కి పంపించాడట. ఆవిడ ఫోన్ మార్చింది.

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఏళ్ళ తరబడి ఎండలో, బురదలో తిరిగి తెచ్చుకున్నవి అవి. మనిషి రిటైరైతే ఆ మనిషితో పాటే పోతాయి. పుస్తకం చిరిగితే అతికిస్తాం, పోతే మళ్ళీ కొంటాం. ఒక ఏడు వేసవిలో ఒక చెరువులో నీళ్ళు ఎంత ఉప్పగా ఉన్నాయో ఎక్కడ కొంటాం? అప్పటినుంచి ఈ పని మీద నాకు పట్టుదల పెరిగింది.

దాయడం సంగతి తొందరగానే తేలింది. వరద వస్తోందంటే బియ్యం బస్తాలు అటకెక్కించడం మా వైపు ఎవరికీ నేర్పక్కర్లేదు. ఒక ప్రతి మా దగ్గర, ఇంకో ప్రతి అవతలి ఒడ్డున పెద్ద క్యాంపస్‌లో ఎత్తుమీద అని రాస్తే, ఈ పనికని డీన్ గారు వేసిన కమిటీలో ఒక్కరూ ఎందుకని అడగలేదు. చిక్కంతా చూపించడం దగ్గర వచ్చింది.

తనిఖీకి చూపించే మొదటి డేటాసెట్టుగా డీన్ గారు ఒక రీసెర్చ్ స్కాలర్ పనిని ఎంచుకున్నారు. కొత్తపేట అమ్మాయి, సామాజిక శాస్త్రం. రాజోలు చుట్టుపక్కల ఊళ్ళలో భర్తలు గల్ఫ్‌కి వెళ్ళిన ఆడవాళ్ళ దగ్గరికి స్కూటీ మీద తిరిగి, వాళ్ళ చేత మాట్లాడించి రికార్డు చేసింది. ఇంటి నడక, పిల్లల చదువు, అత్తగారు, ఒంటరితనం, అన్నీ. ఆ రికార్డింగులను మాట పొల్లుపోకుండా టైపు కూడా చేసింది. ఆ అమ్మాయి దగ్గర కూర్చుంటే ఎవరికైనా చెప్పుకోవాలనిపిస్తుంది, అలాంటి ముఖం. కేంద్రం మొత్తానికి చక్కగా అమర్చి ఉన్న డేటా ఆమెదే. పేర్లన్నీ తీసేశానని, వెబ్‌సైట్‌లో పెట్టేయవచ్చని సంబరంగా తెచ్చిచ్చింది.

పెట్టే ముందు ఒక్కసారి చూడటం నా పని కాబట్టి మధ్యలోంచి ఒక ఫైలు తెరిచాను. పేరు ఉండాల్సిన చోట ఇలా ఉంది: మలుపులో మొండి కొబ్బరిచెట్టు, మేడ మీద నీలం ట్యాంకు, వీధి అరుగు మీద కుట్టుమిషను. దాని కింద మాటలు మొదలయ్యాయి.

"ఆయన సెలవుకి వస్తే ఇంట్లోకి చుట్టం దిగినట్టుంటాదండి. ఏ డబ్బాలో ఏముందో నన్నే అడుగుతారు. మళ్ళీ వెళ్ళేక ఏడుస్తానండి, అబద్ధం చెప్పకూడదు. కానీ మిషను ముందు కూర్చున్నాక, నా ఇల్లు నాకు వచ్చేసిందనిపిస్తాదండి."

నాలుగు వాక్యాలు చదివి మూసేశాను. ఆ ఇల్లు నాకు తెలుసు. ఆ కుట్టుమిషను మీదే నా జాకెట్లన్నీ కుట్టించుకుంటాను. ఆమె మా మరదలు, కువైట్‌లో ఉన్న నా తమ్ముడి భార్య.

మొదట వచ్చింది కోపమే. వాడు అక్కడ ఎండలో మాడిపోతుంటే ఇక్కడ ఈవిడకి వాడు చుట్టమయ్యాడా అని నోటిదాకా వచ్చింది. గదిలో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. కాసేపటికి నాకే తెలిసొచ్చింది. మా వాడు వచ్చినప్పుడు ఆ ఇంట్లో చక్కెర ఎక్కడుందో అడగడం నేనూ చూశాను. చూసి, ముచ్చటపడి నవ్వాను. ఆమెకు అది ఎలా ఉంటుందో నాకు ఎన్నడూ తట్టలేదు. అంత నిజం అంత మెత్తగా చెప్పగలిగిన మనిషి మా ఇంట్లో ఉందని ఆ రోజే తెలిసింది. నిజం చెప్పాలంటే, కోపం పోయాక మిగిలింది గౌరవం.

తర్వాత భయం వేసింది. ఆ ఆనవాళ్ళను బట్టే ఎవరో నేను పోల్చుకున్నాను. పాలు పోసేవాడు, చేపల ఆవిడ, ఎదురింటివాళ్ళు పోల్చుకోలేరా? రాజోలులో మధ్యాహ్నం చదివిన మాట సాయంత్రానికల్లా కువైట్‌లో మా తమ్ముడి ఫోన్‌లో ఉంటుంది. ఆ ఆడవాళ్ళంతా మనసు విప్పి చెప్పిన మాటలు వీధిలో పడితే వాళ్ళు ఆ వీధిలోనే బతకాలి. అలాగని చెరిపేస్తే, ఎన్నడూ ఎవరూ అడగని సంగతులు మొట్టమొదటిసారి నోరు విప్పి చెప్పినవి పోతాయి. పోకూడదు, బయటా పడకూడదు. నా ప్రణాళిక మంచిదో చెడ్డదో తేలేది ఇక్కడే అని ఆ రోజే అనుకున్నాను.

స్కాలర్‌ని పిలిచి అడిగాను. గైడు నంబర్లు వేయమన్నాడట. నంబర్లు వేస్తే ఎవరు ఎవరో తనకే కలగాపులగం అయిపోయిందట. అందుకని గుర్తుగా ఇళ్ళ ఆనవాళ్ళు రాసుకుంది. పేరు లేకపోతే ఎవరికీ తెలియదని నమ్మింది. తిట్టడానికి నాకు నోరు రాలేదు. మా వైపు అడ్రసు అడిగితే డోర్ నంబరు చెప్పేవాళ్ళు ఎవరున్నారు? కాలువ లాకులు దాటాక రెండో వంతెన, పక్కన జామచెట్టు, అరుగు మీద ముసలాయన, అదే ఇల్లు అంటాం. కొరియర్ కుర్రాడు కూడా అలాగే వస్తాడు. ఏ మహానగరంలోంచో వచ్చిన పిల్లయితే ఆ తప్పు చేసేది కాదు. ఒకరిని గుర్తుపట్టానని మాత్రం చెప్పాను, ఎవరినో చెప్పలేదు. పిల్ల ముఖం పాలిపోయింది.

తర్వాతి కమిటీ మీటింగులో ఈ డేటా ఇలా పెట్టడానికి వీల్లేదన్నాను. పేర్లు తీసేశాక ఇంకా ఏమిటండీ అభ్యంతరం అని డీన్ గారు, ఉత్తర్వులోని నియమం కూడా అంతే చెబుతోందని కంప్యూటర్ల ఇన్‌ఛార్జి. నా మరదలి మాట ఎత్తకుండా ఒప్పించాలి. నా మర్యాద మళ్ళీ పెరిగింది. ఒక ఇంటి గురించి చెబుతాను, పేరు చెప్పను, ఊరు చెప్పను, వినండి అన్నాను. కాలువ గట్టున ఇల్లు, రెండు గేట్లు, ఒక గేటు ఎప్పుడూ తెరవరు, ఇంటాయనకి కారు ఉన్నా ఆదివారం చేపల మార్కెట్టుకి సైకిలు మీదే వెళ్తారు.

చెప్పడం పూర్తికాకుండానే గదిలో అందరూ డీన్ గారి వైపు తిరిగారు. ఇన్‌ఛార్జి ఆపుకోలేక నవ్వేశాడు. డీన్ గారు కూడా నవ్వారు.

"ఆయ్. మా ఇల్లేనండి," అన్నారు.

"మీ ఇంట్లో ఆడవాళ్ళు నమ్మి ఎవరితోనో చెప్పుకున్న మాట ఈ గుర్తుల కింద రాసి పెడితే, వెబ్‌సైట్‌లో పెట్టమంటారాండీ?" అని అడిగాను.

ఆయన నవ్వు అక్కడితో ఆగిపోయింది. కాగితాలు తన ముందుకు జరుపుకున్నారు. మనిషి మంచివాడు. తనిఖీ కంగారులో ఉన్నాడు తప్ప, చెప్పింది అర్థం కాని మనిషి కాదు. "మరేం చేద్దామంటారండి?" అన్నారు చివరికి. మొదటి రోజు పుస్తకాలు చూసుకోమన్న మనిషి నన్ను ఆ ప్రశ్న అడిగారు. లోపల ఎంత పొంగిపోయానో ముఖం మీద కనబడకుండా జాగ్రత్తపడ్డాను.

నేను చెప్పింది ఇది. మన ఇళ్ళలో వచ్చినవాళ్ళందరినీ ఒకే చోటికి రానివ్వం. అరుగు మీద ఎవరైనా కూర్చోవచ్చు. నట్టింట్లోకి తలుపు కొట్టి, తామెవరో చెప్పుకున్నవాళ్ళు వస్తారు. బీరువా ఇంటివాళ్ళు తప్ప ఎవరూ ముట్టరు. డేటా కూడా అంతే. చెరువు నీళ్ళు, కొబ్బరి తెగుళ్ళు అరుగు మీద పెడదాం, ప్రపంచమంతా చూడవచ్చు. మనుషుల మాటలు నట్టింట్లో పెడదాం. ఎవరికి కావాలో, ఎందుకో రాసిస్తే, ఆనవాళ్ళు తీసేసిన ప్రతి ఇద్దాం. ఇప్పుడే ఎవరూ వినకూడదనుకున్నవి బీరువాలో, వాళ్ళు చెప్పిన కాలం వరకు. ఏది ఎక్కడుండాలో మనం కాదు, మాట చెప్పినవాళ్ళే నిర్ణయించాలి. వెబ్‌సైట్‌లో మాత్రం ఇలాంటి డేటా మా దగ్గర ఉందని, కావాలంటే ఫలానావారిని అడగాలని కనబడుతుంది. తనిఖీకి అది చాలు.

అందరూ సరేనన్నారు. ఆ మూడు పేర్ల దగ్గర మాత్రం మళ్ళీ పేచీ వచ్చింది. తనిఖీ బృందానికి ఇంగ్లీషు పేర్లుంటే హుందాగా ఉంటుందన్నారు. బృందానికి ఇంగ్లీషులో రాసుకోండి, రాజోలు అరుగు మీద కూర్చుని ఆ పిల్ల చదివి వినిపించే కాగితం మీద అరుగు, నట్టిల్లు, బీరువాయే ఉంటాయన్నాను. ఎంత హుందాగా రాసినా అర్థం కాని మాటకి ఒప్పుకున్నామంటే అది ఒప్పుకోవడం కాదు. ఈ ఒక్క విషయంలో నేను మర్యాద కూడా మానేశాను. పేర్లు అలాగే ఉన్నాయి.

స్కాలర్ మళ్ళీ స్కూటీ ఎక్కింది. మొదటిసారి వెళ్ళినప్పుడు లైబ్రరీ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి అప్పుడు లైబ్రరీకి ఇలాంటి పనే లేదు. ఇప్పుడు ప్రతి ఇంటికీ వెళ్ళి, మీ మాటలు ఫలానా చోట దాస్తాం, ఇదిగో మూడు చోట్లు, మీ ఇష్టం అని చెప్పాలి. నన్నూ రమ్మంది. నువ్వు సంపాదించుకున్న నమ్మకం అది, నేను మధ్యలో ఎందుకన్నాను. అసలు కారణం చెప్పలేదు.

వద్దంటారేమో, అన్నీ చెరిపేయమంటారేమో అని ఆ పిల్ల భయం. నాకు అంతకంటే ఎక్కువ భయం. కానీ వచ్చిన కబుర్లు వేరు. ఆ మూడు పేర్లు చెప్పగానే ఎవరికీ విడమరచక్కర్లేకపోయిందట. ఒకావిడ, అత్తగారి గురించి అన్నది బీరువాలో పెట్టి మిగతాది నట్టింట్లో పెట్టమంది. ఒకావిడ మొత్తం అరుగు మీదే పెట్టమంది, నేను ఎవరికీ భయపడనంది. ఆవిడ ధైర్యానికి నాకు ముచ్చటేసింది. ఒకరిద్దరు బీరువా అన్నారు. చెరిపేయమన్నవాళ్ళు లేరు.

చివర్లో ఆ పిల్ల నా గదిలోకి వచ్చి కూర్చోకుండా నిలబడింది. ఒకావిడ దగ్గర చిక్కొచ్చిందని చెప్పింది. ఎవరి దగ్గరుంటాయి ఈ మాటలు అని ఆవిడ అడిగిందట. అమలాపురంలో మా లైబ్రరీలో అని ఈ పిల్ల చెప్పింది. లైబ్రేరియన్ ఎవరో ఆవిడకి బాగా తెలుసట.

"నట్టింట్లోనే పెట్టమన్నారండి. ఎక్కడివాళ్ళు విన్నా పర్లేదన్నారు. మా వదినగారు మాత్రం వినకూడదన్నారండి," అంది తల దించుకుని.

ముల్లు గుచ్చుకున్నట్టే అనిపించింది, కాదనను. ఎక్కడో దేశంలో కూర్చున్న ముక్కూ ముఖం తెలియని పరిశోధకుడికి చెప్పుకోగలిగిన మాట, నెలకోసారి పక్కన కూర్చుని కాఫీ తాగే నాకు చెప్పుకోలేదు. నా గురించి ఏమందో అన్న కుతూహలం కూడా కలిగింది. ఫైలు నా కంప్యూటర్‌లోనే ఉంది. ఒక్క మీట నొక్కితే చాలు.

నొక్కలేదు. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, అందుకు నన్ను నేను ఈరోజుకీ మెచ్చుకుంటాను. ఆమె అడిగింది నేను వేసిన మూడు గదుల్లో దేనికీ సరిపడదు. అంటే తక్కువ పడింది నా ప్రణాళికే. అదే రోజు ఇంకో నియమం రాశాను. మాట చెప్పినవాళ్ళు ఫలానా మనిషి చూడకూడదంటే, ఆ మనిషి లైబ్రరీలో ఎంత పెద్ద ఉద్యోగంలో ఉన్నా చూడటానికి వీల్లేదు. మా అసిస్టెంట్ లైబ్రేరియన్‌ని పిలిచి ఆ ఫైలు పాస్‌వర్డు మార్పించి, నాకు తెలియకుండా ఉంచమన్నాను. నా కంప్యూటర్‌లో ఉన్న ప్రతిని అతని ఎదురుగానే తీసేశాను. ఎందుకండీ మీకే లేకుండా అని అతను తెల్లబోయాడు. నియమమండీ అన్నాను.

తనిఖీ బృందం వచ్చింది, చూసింది, పూతరేకులు తిని వెళ్ళింది. తర్వాత పెద్ద క్యాంపస్ వాళ్ళు మా తెలుగు కాగితం కావాలని అడిగి తీసుకుని, మిగతా కేంద్రాలకీ పంపారు. మా డీన్ గారు ఎవరితో మాట్లాడినా ఇప్పుడు "మా లైబ్రరీలో అరుగుందండి, నట్టిల్లుందండి" అని మొదలుపెడతారు, అంతా ఆయనే కనిపెట్టినట్టు. చెప్పుకోనీ పాపం.

కొన్నాళ్ళకి జాకెట్టు గుడ్డ ఇవ్వడానికి మా మరదలి ఇంటికి వెళ్ళాను. అరుగు మీద నన్ను నిలబెట్టి టేపుతో కొలతలు తీస్తోంది. తమ్ముడి కబుర్లు, ఎండల కబుర్లు అయ్యాయి. నేను చదివిన ఆ నాలుగు వాక్యాల సంగతి చెప్పాలా వద్దా అని దారంతా ఆలోచించుకుంటూనే వచ్చాను. చెబితే నా గుండె తేలికవుతుంది, ఆమెది బరువెక్కుతుంది. చెప్పదలచుకోలేదు.

నా వెనక నిలబడి భుజాల కొలత తీస్తూ అడిగింది. నా ముఖం చూడకుండా అడగడానికి ఆ చోటే వీలనుకుందేమో.

"మావాళ్ళందరి మాటలూ మీ లైబ్రరీలో దాచేరంట కదండీ వదినగారూ. భద్రంగా ఉన్నాయాండి?"

"ఉన్నాయమ్మా. కొన్నైతే నేను అడిగినా నాకు కూడా తియ్యరు. అలా కట్టుదిట్టం చేశాను," అన్నాను.

టేపు నా భుజం మీద కాసేపు అలాగే ఆగిపోయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎవరి సంతకమూ, ఏ శాలువా నాకు ఇవ్వని గర్వం ఆ కాసేపట్లో కలిగింది. తర్వాత టేపు చుట్టేసి ముందుకు వచ్చింది. ఈసారి నా ముఖంలోకే చూసింది.

"అయితే ఆ అమ్మాయిని ఇంకోసారి రమ్మనండి. అప్పుడు చెప్పనివి ఇంకా ఉన్నాయండి."

అరుగు దిగక ముందే ఆ పిల్లకి ఫోన్ చేశాను.